మీకు తెలుసా? ఇంజిన్‌కు తాళం వేసే పళ్ల బెల్టు

రబ్బరు టైమింగ్ బెల్టుతో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కారు 1962లో జర్మనీలో వచ్చిన గ్లాస్ 1004. నాలుగేళ్లకే గ్లాస్ కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది; బెల్టు మాత్రం ప్రపంచమంతా పాకింది. 1983 డిసెంబరులో మన రోడ్లెక్కిన మారుతి 800లోనూ ఉన్నది అదే.

పిస్టన్లు తిప్పే క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపేది ఈ బెల్టే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి పళ్లు సరిగ్గా రెట్టింపు. బెల్టు ఒక్క పన్ను జారినా వాల్వులు తాళం తప్పుతాయి, బండి ఈడవదు. బెల్టు తెగితే కొన్ని ఇంజిన్లు ఊరికే ఆగిపోతాయి. మరికొన్నింటిలో పిస్టన్ వెళ్లి వాల్వులను గుద్ది వంచేస్తుంది, బిల్లు చూసి ఓనరూ వంగిపోతాడు!

ఇంట్లోనే మారుస్తారా? బ్యాటరీ వైరు తీసి, క్రాంక్, క్యామ్ చక్రాల మీది టైమింగ్ గుర్తులు కలిపాకే పాత బెల్టు విప్పాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. కొత్తది బిగించాక స్పానరుతో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకూడదు. తొందరలో చాలామంది వదిలేసేది ఈ పరీక్షనే. సెల్ఫ్ కొట్టాల్సింది ఆ తర్వాతే.

షెడ్డులో కదలకుండా ఉన్న కారుకైనా బెల్టు ముసలిదవుతుంది. కంపెనీలు కిలోమీటర్లతోపాటు ఏళ్ల గడువూ చెప్పేది అందుకే. రబ్బరుకు ఆయిల్ కూడా పడదు. సీలు కారుతుంటే ముందు దాన్ని మార్చాలి, లేదంటే కొత్త బెల్టూ త్వరగానే పాడవుతుంది.