తూటాకూ ఒక లెక్కుంది

భోగాపురం జంక్షన్లో, హైవే పక్కన టీకొట్టు. పొద్దున్నే పేపరు వచ్చేసరికి బెంచీ నిండిపోతుంది. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందంటే ఇక ఆ పూట చర్చ దాని మీదే.

"ముందు గాల్లోకి కాల్చాల కదేటి?" అంటాడొకాయన.

"పారిపోతంటే కాల్చక ఏటి సేస్తారు బావూ?" అంటాడు పక్కనున్నాయన.

"కలెక్టరు సంతకం ఉండాలి, అది లేకపోతే కుదరదు" అని మూడో ఆయన తీర్పు చెప్పేస్తాడు.

ముగ్గురూ ఖాయంగానే చెప్పారు. ముగ్గురి మాటలోనూ తప్పుంది.

ఈ ఉత్తరాంధ్ర తీరానికి పోలీసు కాల్పులు పేపర్లో చదివిన సంగతి మాత్రమే కాదు. 2010 జూలై 14న సోంపేటలో, బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. 2015లో విమానాశ్రయం కోసం భోగాపురం మండలంలో జీడి, కొబ్బరి, సరుగుడు తోటల భూసేకరణ మొదలైనప్పుడు, పోలీసుల్ని చూడగానే సోంపేట గుర్తొచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అందుకే ఈ విషయంలో ఏది చట్టమో, ఏది పుకారో తెలిసి ఉండటం ఇక్కడివాళ్లకు మరీ అవసరం.

అపోహ 1: కలెక్టరు ఆర్డరు లేనిదే పోలీసులు బలం వాడకూడదు.

వాస్తవం: అక్రమంగా గుమిగూడిన జనాన్ని చెదిరిపొమ్మని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఉంది. స్టేషను ఇన్‌ఛార్జి అధికారికీ ఉంది. ఆయన లేనప్పుడు ఎస్సై, అంతకు పైస్థాయి అధికారులకూ ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇది 129వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 148. కాబట్టి కలెక్టరు సంతకం లేదన్నంత మాత్రాన కాల్పులు చట్టవిరుద్ధం అయిపోవు. అలాగే సంతకం ఉన్నంత మాత్రాన న్యాయమైనవీ అయిపోవు. సంతకం ఎవరిదన్నది చిన్న ప్రశ్న. అంత బలం వాడక తప్పని పరిస్థితి ఉందా అన్నదే పెద్ద ప్రశ్న.

అపోహ 2: ముందు గాల్లోకి కాల్చి హెచ్చరించాలి. పోలీసులు అలా చేయకపోతే తప్పు.

వాస్తవం: సినిమాలు మనకు నేర్పిన పాఠం ఇది. జనసమూహాల మీద బలప్రయోగానికి 1964లో రాష్ట్రాల పోలీసు ఐజీల సమావేశం ఆమోదించిన నమూనా నిబంధనలు సరిగ్గా దీనికి ఎదురు చెబుతాయి. గాల్లోకిగానీ, జనం తలల మీదుగాగానీ కాల్చకూడదు. పైకి వెళ్లిన తూటా ఆకాశంలో ఆగిపోదు. ఏ డాబా మీద నిలబడ్డ పిల్లాడికో తగలొచ్చు. హెచ్చరిక నోటితో, మైకుతో ఇవ్వాలి, అదీ జనానికి స్పష్టంగా వినపడేలా. ఆ తర్వాతా తప్పనిసరైతే గురి కిందికి పెట్టాలి, అందరికన్నా ఎక్కువ ప్రమాదంగా ఉన్న వైపే పెట్టాలి. జనం వెనక్కి తగ్గుతున్న సూచన కనిపించిన క్షణమే ఆపేయాలి. అందుకే దేహం మీద తూటా ఎక్కడ తగిలిందన్నది పోస్టుమార్టం రిపోర్టులో అంత కీలకం. నడుముకు పైన, వీపు వైపు గాయం ఉందంటే సమాధానం చెప్పాల్సింది కాల్చినవాళ్లే.

అపోహ 3: 144 సెక్షను పెట్టారంటే, గీత దాటినవాణ్ని కాల్చేయొచ్చు.

వాస్తవం: 144 (కొత్త సంహితలో 163) కేవలం నిషేధాజ్ఞ. దాన్ని ధిక్కరించడం నేరమే. అయితే దానికి శిక్ష నెలల్లో లెక్కపెట్టే జైలు, లేదా జరిమానా. మరణం కాదు. 'కనిపిస్తే కాల్చివేత' అని పేపర్లలో పెద్దక్షరాల్లో వస్తుందిగానీ చట్టంలో ఆ మాటే లేదు.

అపోహ 4: నిందితుడు పారిపోతుంటే కాల్చే హక్కు పోలీసులకు ఉంది.

వాస్తవం: అరెస్టును ప్రతిఘటించినా, తప్పించుకోబోయినా పట్టుకోవడానికి అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చని చట్టం అంటుంది. ఆ వెంటనే పగ్గం కూడా వేస్తుంది: మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషిని చంపే హక్కు ఇందులో లేదు అని. జేబుదొంగ పరుగెడితే వెంటపడాలి తప్ప వీపు మీద కాల్చకూడదు. నేరం ఘోరమైనదైనా అక్కడ లక్ష్యం పట్టుకోవడమే, చంపడం కాదు. ఎంత కరడుగట్టిన నేరస్థుడైనా, అతన్ని చంపడం పోలీసుల విధి కాదని 2012లో ఓంప్రకాశ్ వర్సెస్ జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ 5: ఎన్‌కౌంటర్ అంటే చట్టం ఒప్పుకున్న పద్ధతే. దాని మీద కేసు ఉండదు.

వాస్తవం: ఏ చట్టంలోనూ 'ఎన్‌కౌంటర్' అనే అధికారం లేదు. అలా కాల్చిన పోలీసు సాధారణంగా చూపేది నాకూ మీకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే. ఆ హక్కు వాడుకున్నానన్నవాడు దాన్ని నిరూపించుకోవాలి. ఎక్కడ నిరూపించాలన్న దగ్గరే తెలుగు నేల దేశానికి పెద్ద చర్చ అందించింది. పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ వాదన కోర్టులోనే తేలాలనీ చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలిపేసింది. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో తానే దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ నమోదు చేసి కోర్టుకు పంపాలి. సీఐడీగానీ, వేరే స్టేషను బృందంగానీ దర్యాప్తు చేయాలి. వాడిన తుపాకులు పరీక్షకు అప్పగించాలి. ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, దాన్ని వీడియో తీయాలి. ఘటన జరిగిన వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు.

ఇవి కాగితాల మీది మాటలేనా? 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసుల అదుపులో ఉండగానే హతమయ్యారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మదగినది కాదని తేల్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. కమిషన్ సిఫారసు కోర్టు తీర్పు కాదు. కానీ ఆ పోలీసులు దోషులా కాదా తేల్చాల్సింది ఎలా కోర్టో, ఆ నలుగురు దోషులా కాదా తేల్చాల్సిందీ కోర్టే. పూలు చల్లిన రోజున మనం మరిచిపోయింది ఆ సంగతే.

అపోహ 6: ఆర్డీవో విచారణ అయిందంటే విషయం తేలిపోయినట్టే.

వాస్తవం: ఆర్డీవో చేసే మెజిస్టీరియల్ విచారణ చావుకు కారణమేమిటో చూస్తుంది, ఎవరికీ శిక్ష వేయజాలదు. కస్టడీలో చావు జరిగితే విచారించాల్సింది ఆర్డీవో కూడా కాదు, జ్యుడీషియల్ మెజిస్ట్రేటు. ఎక్స్‌గ్రేషియా చెక్కు అందుకున్నంత మాత్రాన కేసు మాఫీ అయిపోదు. డబ్బు తీసుకున్న కుటుంబమూ కేసు నడపవచ్చు.

అపోహ 7: ఏం చేసినా పోలీసుకు శిక్ష పడదు.

వాస్తవం: ఇది సగం నిజం. జనాన్ని చెదరగొట్టే పనిలో చేసిన చర్యలకు అధికారుల మీద ప్రాసిక్యూషన్ నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ ఫైలు ఏళ్ల తరబడి కదలకపోవచ్చు. సాక్ష్యం సేకరించాల్సిందీ పోలీసులే కావడం ఇంకో చిక్కు. అయినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 1997లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఎవరో అనుకుని ఇద్దరు వ్యాపారులను కాల్చి చంపిన కేసులో ఏసీపీతో సహా పది మంది పోలీసులకు యావజ్జీవం పడింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. కారులోంచి తమ మీద కాల్చారన్న పోలీసుల మాట కోర్టులో నిలవలేదు.

అపోహ 8: జవాబు అడిగితే పోలీసుల చేతులు కట్టేసినట్టే.

వాస్తవం: బందోబస్తుకు బయల్దేరే ముందు తుపాకీ తీసుకునే ప్రతి పోలీసూ ఎన్ని రౌండ్లు తీసుకున్నాడో రాస్తారు. తిరిగొచ్చాక ఎన్ని పేలాయి, ఎన్ని మిగిలాయి, ఖాళీ తొడుగులు ఎన్ని అని లెక్క అడుగుతారు. తూటాకు లెక్క చెప్పడం ఆ శాఖకు రోజువారీ పనే. దాన్ని ఎవరూ చేతులు కట్టేయడం అనరు. ఆ తూటా తగిలిన మనిషికి కూడా లెక్క చెప్పమనడం దానికి కొనసాగింపే. నిజంగా ప్రాణం మీదికొచ్చి కాల్చిన కానిస్టేబులుకు ఆ లెక్కే రక్ష.

మా మండలంలో విమానాశ్రయానికి పెట్టిన పేరు అల్లూరి సీతారామరాజు. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చి చంపినప్పుడు బ్రిటిషు సర్కారు చెప్పిన మాట కూడా ఇదే: పట్టుబడ్డాక పారిపోబోయాడని. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం చెప్పుకుంది. ఆ సర్కారు మాట మనం నమ్మలేదు, వందేళ్లయినా నమ్మడం లేదు. అదే మాట రేపు పేపర్లో వస్తే టీకొట్టు బెంచీ మీద ఎవరో ఒకరైనా "తొడుగులు ఎన్ని దొరికాయటా?" అని అడగాలి.