చెరకు పోయాక... గరిక, తంగేడు, తుమ్మ!

ఏళ్ల తరబడి చెరకు పండిన మడిని దున్నకుండా వదిలేస్తే ఏమవుతుంది? 'పిచ్చి మొక్కలు మొలుస్తాయి, ఇంకేమవుతుంది' అంటారు బోధన్ వైపు ఎవర్నడిగినా. నిజమే. కానీ ఆ పిచ్చి మొక్కలకూ ఓ వరస ఉంది.

మొదటి వానకే గరిక, తుంగ, ఉత్తరేణి, వయ్యారిభామ దిగిపోతాయి. వాటి గింజలు అప్పటికే మట్టిలో ఉంటాయి మరి. మండే ఎండకు తట్టుకుంటాయి, తొందరగా పూస్తాయి. ఆకులూ వేళ్లూ కుళ్లి నేల కాస్త మెత్తబడుతుంది, తేమ నిలుస్తుంది. రెండు మూడేళ్లకు వెంపలి, జిల్లేడు, బతుకమ్మకు పూలిచ్చే తంగేడు వస్తాయి. ఆ పొదల మీద పిట్టలు వాలతాయి. వాటి రెట్టలతో రేగు, వేప గింజలు రాలతాయి. తర్వాత తుమ్మ, మోదుగ. నీడ పెరిగేకొద్దీ ఎండ కావాల్సిన గడ్డి తప్పుకుంటుంది. నేలను సిద్ధం చేసిన వాణ్నే పక్కకు నెట్టేయడమన్నమాట! ఎవరూ నరక్కుండా, మేపకుండా దశాబ్దాలు ఉంచితే ఈ వరస తునికి, నల్లమద్ది, టేకు దాకా పోవచ్చు.

దీన్నే శాస్త్రవేత్తలు 'అనుక్రమం' అంటారు. 1899లో హెన్రీ కౌల్స్ అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఈ మార్పును వివరించాడు. ఇది చివరికి ఒక స్థిరమైన అడవి దగ్గర ఆగుతుందని 1916లో క్లెమెంట్స్ రాశాడు. అదేం కాదు, ఏ గింజ ఎప్పుడు వచ్చి పడిందన్నదీ ముఖ్యమేనని 1926లో గ్లీసన్ వాదించాడు. సర్కారు తుమ్మ కమ్మేసిన కాలువ గట్టును చూస్తే గ్లీసన్ మాటే నిజమనిపిస్తుంది. అదొకసారి పాతుకుంటే వెనకొచ్చే చెట్లకు చోటివ్వదు.

అలాగని బోధన్ చెరకు తోటలన్నీ అడవులయ్యాయనుకునేరు! మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లే ఇక్కడికి చెరకును తెచ్చాయి. 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. రైతులు వరి, సోయా, పసుపు వైపు మళ్లారు. నేల ఖాళీగా ఉంటేగా అడవి వచ్చేది? నాగలి పడ్డ ప్రతిసారీ వరస మళ్లీ గరిక దగ్గరికే వస్తుంది.

అసలు చిక్కు చెరువులతో. నీళ్లలోనూ ఇదే కథ. మొదట కంటికి కనిపించని నాచు, తర్వాత కలువ. వాగు తెచ్చిన ఒండ్రు పేరుకుని లోతు తగ్గగానే జమ్ము, తుంగ, తూటికాడ. ఇంకా పూడితే తుమ్మ. ఆపైన అది చెరువు కాదు, చేను! నిజాంసాగర్ మొదటి సామర్థ్యం 30 టీఎంసీలకు దగ్గర. పూడికతో అది సగానికి పైగా పడిపోయింది. తర్వాత ఎత్తు పెంచినా 17.8 టీఎంసీలే. ఆ మేరకు ఆయకట్టుకు గండి పడ్డట్టే.

వెనకటి రైతులు ఎండాకాలం చెరువు మట్టిని బండ్లతో పొలాలకు తోలుకునేది ఊరికే కాదు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు. అనుక్రమాన్ని ఏటా ఓ మెట్టు వెనక్కి దించడమది. 2015 మార్చిలో సదాశివనగర్ పాత చెరువు దగ్గర మొదలుపెట్టిన మిషన్ కాకతీయ కూడా ఆ పనే పెద్ద ఎత్తున చేసింది. అయితే యంత్రాలు దిగి జమ్మంతా ఒక్కసారే పీకేస్తే నీటికోళ్లు గూడెక్కడ కట్టుకోవాలి? తూము వైపు లోతుగా తవ్వి, వాగు చేరే చివర కాస్త జమ్మును ఉంచితే చాలు. నీళ్లూ ఉంటాయి, పిట్టలూ ఉంటాయి. పైగా ఆ జమ్మే వాగు తెచ్చే మట్టిని కొంత అక్కడే పట్టి ఆపుతుంది.