హైబ్రిడ్ కారు – లోప నిదానం

‘నిదానం’ అనే పదానికి వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని కనుగొనడమని అర్థం, వాడుకలో తొందరపడకపోవడం. పాతబడిన హైబ్రిడ్ కారును బాగుచేసేవారికి ఈ రెండూ అవసరమే.

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు కలిసి నడిపే వాహనం హైబ్రిడ్ కారు. 1997లో జపానులో వెలువడిన టయోటా ప్రియస్ 2010లో మన దేశానికి వచ్చింది. ఇటువంటి కారులో హెచ్చరిక దీపం వెలగగానే ఖరీదైన పెద్ద బ్యాటరీ చెడిపోయిందని యజమాని భయపడతాడు. కాని 12 వోల్టుల చిన్న బ్యాటరీ బలహీనపడినా అనేక దీపాలు వెలుగుతాయి. కనుక మొదట దానిని పరీక్షించి, తరువాత స్కానరుతో లోపసంకేతాలను చదవాలి.

ప్రియస్‌లో పెద్ద బ్యాటరీని చల్లబరచే ఫ్యాను వెనుక సీటు పక్కనుండి గాలిని పీలుస్తుంది. తెనాలి వీధుల దుమ్ము అక్కడ పేరుకొంటే బ్యాటరీ వేడెక్కి, దాని ఆయువు తరుగుతుంది. ఆ మార్గాన్ని శుభ్రపరచడం స్వల్పవ్యయంతో తీరే పని.

వేగం తగ్గించేటప్పుడు మోటారే చాలావరకు బ్రేకు పని చేస్తుంది. అందువల్ల బ్రేకు డిస్కులు తక్కువగా అరుగుతాయి. కాని బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఉప్పుగాలికి సులభంగా తుప్పు పడతాయి. వాటిని తరచు పరిశీలించాలి.

నారింజరంగు తీగలలోని విద్యుత్తు ప్రాణాంతకం. వాటిని శిక్షణ పొందిన మెకానిక్కు మాత్రమే ముట్టాలి. కారణం తెలియక భాగాలను మార్చడం ధనానికి చేటు. జాగ్రత్త లేక తీగను తాకడం ప్రాణానికే చేటు.