సీసాపై పేరు, సీసాలోని కణము

రామచంద్రపురము చుట్టుపట్ల వరి పండించు రైతులకు కేళీలనగా నేమో మేము చెప్పనక్కరలేదు. విత్తనపు సంచిపై స్వర్ణ యని యుండును. నారుమడిలో అన్నియు నొక్క తీరుననే యుండును. ఈనిక వేళకు గాని పొడుగు మొక్కలు అక్కడక్కడ తల యెత్తవు. ప్రయోగశాలలో పెంచు కణములకును ఇట్టి బెడదయే కలదు. అయితే కణము ఈనదు, తల యెత్తదు. కావుననే డీఎన్‌ఏ పరీక్ష అవసరమైనది.

శరీరమునుండి తీసిన కణములను పోషక ద్రవములో నుంచి, వెచ్చని పెట్టెలలో పెంచుటను కణవర్ధనమందురు. ఇది పంచాయతీలకు దూరపు మాట కాదు. కుక్క కరచినవారికి వేయు టీకాలలో నొకటియగు అభయరాబ్‌కు కావలసిన వైరసును హైదరాబాదులో ‘వెరో’ యను కణములలో పెంచుచున్నారు. ఇవి 1962లో జపానులో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండమునుండి తీసిన కణముల సంతతి.

కల్తీకి పేరుపడినవి మాత్రము ‘హీలా’ కణములు. 1951లో అమెరికాలోని బాల్టిమోరులో కాన్సరుతో మరణించిన హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీనుండి, ఆమె అనుమతి లేకయే, వీనిని తీసిరి. (ఆ అన్యాయము వేరుగా వ్రాయదగినది.) ఇవి అతివేగముగ పెరుగును. పొరుగు సీసాలో ఒక్క చుక్క పడినను కొన్నాళ్ళకు అసలు కణములు నశించి ఇవియే నిండును. వేర్వేరు అవయవములవని నమ్మిన పెక్కు కణములు హీలాయేయని 1966లో స్టాన్లీ గార్ట్లర్ ఒక ఎంజైము ఆధారముగ చెప్పగా చాలమందికి రుచింపలేదు. కాలేయ కణములని, స్వరపేటిక కణములని ఏండ్ల తరబడి వాడినవి సయితము హీలాయేయని తేలినది. కాలేయము కొరకని వెచ్చించిన ధనము, కాలము ఏమైనట్లు?

నేటి పరీక్ష ఇట్లుండును. మన డీఎన్‌ఏలో కొన్ని స్థానములందు చిన్న వరుస యొకటి మరల మరల వచ్చును. ఒకరికి 11 మారులు, మరొకరికి 14 మారులు. అట్టి స్థానములు కొన్నింటిని లెక్కించి, మూలకణముల లెక్కతో సరిచూతురు. తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి వచ్చును గాన, ఒక స్థానమున రెండు లెక్కలకు మించరాదు. పెక్కు స్థానములందు మూడు, నాలుగు కనిపించెనా, ఇద్దరి కణములు కలిసినవని అనుమానింపవలెను. బాస్మతి బియ్యములో ఇతర రకముల కల్తీని పట్టుటకు హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతియు ఇట్టి లెక్కయే.

మైకోప్లాస్మా యను సూక్ష్మజీవి చేరినచో ద్రవము మసకబారనైన మసకబారదు. దానిని దాని డీఎన్‌ఏ జాడనుబట్టియు వెదకుదురు. కణములు తెచ్చినపుడొకమారు, వాడుకలో నున్నంత కాలము అప్పుడప్పుడు, ఫలితములు ప్రకటించుటకు ముందు మరల నొకమారు ఈ పరీక్షలు జరుపవలసి యుండును.