నీలి కిరణం – తాళపుచెవి

సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు నేడు బాహ్యవలయ రహదారి చెంత, పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలో శరవేగంగా ఎదుగుతున్న ఊరు. ఇటువంటి ఊళ్లలో ఎన్నో ఇళ్ల బీరువాలలో పెళ్లి వీడియోల డిస్కులు, చలనచిత్రాల డిస్కులు భద్రంగా ఉంటాయి. కొన్న డిస్కు మనదే, కంప్యూటరూ మనదే. అయినా ఒక్కొక్కప్పుడు తెరపై బొమ్మ రాదు. దీనికి కారణమేమి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

డిస్కుపై సమాచారం అతి సూక్ష్మమైన గుర్తుల రూపంలో ఉంటుంది. లేజరు కిరణం వాటిని చదువుతుంది. సన్నని కలంతో ఒకే కాగితంపై ఎక్కువ పంక్తులు వ్రాయగలిగినట్లే, తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ కిరణం మరింత చిన్న గుర్తులను చదవగలదు. సీడీని చదివే కిరణపు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూ-రేకు 405. అందుచేతనే ఒక పొర గల డీవీడీలో 4.7 గిగాబైట్లు ఇమిడితే, అదే పరిమాణం గల బ్లూ-రేలో 25 గిగాబైట్లు ఇముడుతాయి.

2006లో రెండు రకాల హైడెఫినిషన్ డిస్కులు విపణిలో పోటీపడ్డాయి. తోషిబా ప్రోత్సహించిన హెచ్‌డీ డీవీడీ ఒకటి, సోనీ మొదలైన సంస్థల బ్లూ-రే మరొకటి. 2008 ఫిబ్రవరిలో తోషిబా తప్పుకొనడంతో ఆ పోరు ముగిసింది. కాని కంప్యూటర్లకు సంబంధించిన చిక్కు మాత్రం తీరలేదు.

చలనచిత్రాలు దొంగనకళ్ల పాలు కాకుండా నిర్మాణ సంస్థలు డిస్కులకు ఏఏసీఎస్ అనే సంకేత తాళం వేయించాయి. దానిని తెరిచే రహస్యపు తాళపుచెవి అనుమతి పొందిన సాఫ్ట్‌వేరుకే లభిస్తుంది. ఈ నియమాన్ని మూడు కంప్యూటరు వ్యవస్థలు మూడు విధాలుగా ఎదుర్కొన్నాయి.

2007లో విపణిలోకి వచ్చిన విండోస్ విస్టా, దృశ్యం తెరను చేరే మార్గానికి రక్షణ కల్పించింది. అయితే బ్లూ-రే చిత్రాలను నడిపే సాఫ్ట్‌వేరును వినియోగదారుడే వేరుగా సమకూర్చుకోవలసి వచ్చింది. ఆపిల్ సంస్థ 2005లోనే బ్లూ-రే సంఘంలో చేరినప్పటికీ, తన మ్యాక్ కంప్యూటర్లలో ఆ డ్రైవును ఎన్నడూ అమర్చలేదు. అనుమతుల వ్యవహారం చిక్కులమయమని 2008లో స్టీవ్ జాబ్స్ విమర్శించాడు. ఇక లైనక్స్‌లో మూలసంకేతం అందరికీ తెరచి ఉంటుంది. రహస్యం దాచాలనే నియమం, ఏదీ దాచని పద్ధతి ఒకే ఒరలో ఇమడని రెండు కత్తుల వంటివి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు లైనక్స్‌ను తెలుగులోనికి తెచ్చాయి. మాతృభాషలో కంప్యూటరు వచ్చినా, ఈ తాళపుచెవి మాత్రం రాలేదు.

2016లో అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే వచ్చింది. దానిని కంప్యూటరులో చూడడానికి ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే రక్షణ విభాగం అవసరమైంది. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ విభాగాన్ని తొలగించింది. ఫలితంగా పాత కంప్యూటరులో ఆడిన డిస్కు కొత్త కంప్యూటరులో ఆడని వింత పరిస్థితి ఏర్పడింది.

పెళ్లి వీడియోల డిస్కులకు సాధారణంగా ఇటువంటి తాళం ఉండదు. డ్రైవు ఉంటే చాలు, వీఎల్‌సీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఏ కంప్యూటరులోనైనా చూడవచ్చు. కాని ఆ డ్రైవులే క్రమంగా కనుమరుగవుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ రికార్డు చేసుకొనే బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసింది. కనుక కుటుంబ జ్ఞాపకాలు గల డిస్కులను డ్రైవులు దొరుకుతున్నప్పుడే హార్డ్‌డిస్కులోనికి ఎక్కించుకొనడం వివేకం.

వస్తువును కొనడం వేరు, దానిని అనుభవించే అనుమతిని పొందడం వేరు. తాళపుచెవి ఇతరుల చేతిలో ఉన్నంతవరకు పెట్టె మనదైనా అందులోని సొమ్ము పూర్తిగా మనది కాదు. సాంకేతిక వస్తువును కొనే ముందు దాని ధరతోపాటు, ఆ తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదో కూడా విచారించడం విజ్ఞుల లక్షణం.