సీసా మీది అంకెలు చెప్పే సంగతులు

లక్ష్మణుడి కోసం ఆంజనేయుడు సంజీవని కొండను ఎత్తుకొని పోతుంటే ఒక ముక్క విరిగిపడిందని, అదే కొండగట్టు అయిందని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటింటా చెప్పుకుంటారు. పిల్లవాడు చిక్కిపోతున్నాడని కొండగట్టు ఆంజనేయుడికి మొక్కుకునే తల్లులు, ఊరికి పోయాక మెడికల్ షాపులో బలానికి టానిక్ కూడా అడుగుతారు. అక్కడి అరలో పక్కపక్కనే నిలబడ్డ సీసాల మీద విటమిన్ల పేర్లు దాదాపు ఒకటే. తేడా అంతా అంకెల్లోనే ఉంటుంది.

ఇనుములో అసలెంత?

ఒక సీసా మీద ఫెర్రస్ ఫ్యూమరేట్ 100 మి.గ్రా. అని, ఇంకోదాని మీద ఫెర్రస్ గ్లూకోనేట్ 100 మి.గ్రా. అని ఉందనుకోండి. చూపుకు రెండూ సమానమే. కానీ మొదటిదాంట్లో ఒంటికి పనికొచ్చే ఇనుము సుమారు 33 మి.గ్రా., రెండోదాంట్లో 12 మి.గ్రా. మాత్రమే. మిగతాదంతా ఇనుముతో జతకట్టిన ఆమ్లం బరువు. ‘ఎలిమెంటల్ ఐరన్’ అన్న మాట పక్కనున్న అంకెను పట్టుకుంటేనే పోలిక కుదురుతుంది. అది 5 మి.లీ.కా, 1 మి.లీ.కా అన్నది కూడా చూడాలి.

పిల్లలకు రోజుకు ఎంత ఇనుము కావాలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క ఇచ్చింది. ఏడాది నుంచి మూడేళ్ల వరకు 8 మి.గ్రా., నాలుగు నుంచి ఆరేళ్లకు 11, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 15. ఇదంతా ముఖ్యంగా తిండి నుంచి రావలసిందే.

ఆశా కార్యకర్త ఇచ్చే సీసా

బజారులో దొరికే చాలా మల్టీవిటమిన్ సిరప్పుల్లో ఇనుము ఉండనే ఉండదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ సిరప్‌లో మాత్రం 1 మి.లీ.కి 20 మి.గ్రా. ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఐదేళ్ల దాకా వారానికి రెండుసార్లు, ఒక్కో మి.లీ. పోయాలి. ఐదేళ్లు దాటితే వారానికో గులాబీ రంగు మాత్ర, పదేళ్లు దాటితే నీలం మాత్ర. “మేం మంచి టానిక్ తాగిస్తున్నం” అని ఈ సీసాను అటకెక్కిస్తే, పిల్లకు అసలు కావలసిందే ఆగిపోయినట్టు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. ఖరీదైన సీసాలో లేనిది ఉచితంగా వచ్చిన సీసాలో ఉందని చెప్పేవాళ్లు ఊళ్లో తక్కువ.

ఇంకో మాట. సిరప్ పోసిన వెంటనే చాయ్‌లో బిస్కెట్ ముంచి ఇస్తే, చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వవు. నిమ్మకాయ పిండిన నీళ్లు గానీ జామకాయ ముక్క గానీ ఇస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది.

లేబుల్ మీద మన భీమవరం

ఫోలిక్ యాసిడ్ అన్న పేరు చదివినప్పుడల్లా ఎల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు, తానూ అదే జబ్బుతో బాధపడ్డారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఆ స్ప్రూకే అది మందయింది. ఈ రోజు ప్రపంచంలో చాలా పిల్లల విటమిన్ డబ్బాల మీద ఫోలిక్ యాసిడ్ పేరు కనిపిస్తుంది.

జొన్న గట్క, నియాసిన్

లేబుల్ మీద నియాసినమైడ్ అని ఉండేది బి3. అది లోటైతే ఎండ తగిలే చోట, ముఖ్యంగా మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా వస్తుంది. జొన్నే మూడు పూటలా తిండిగా ఉన్న దక్కన్ పల్లెల్లో ఒకప్పుడు ఇది బాగా కనిపించేది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే దీనికి కారణమని పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్న మంచి తిండే. పప్పు, పాలు, గుడ్డు లేకుండా ఒట్టి జొన్న మీదే బతకాల్సి రావడమే అప్పటి కష్టం.

విటమిన్ సిరప్ మొదలుపెట్టాక పిల్లల మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారితే కంగారు పడనక్కర్లేదు. ఒంటికి అక్కరలేని బి2 అలా బయటికి పోతుంది.

సూట్‌కేసులో వచ్చే గమ్మీలు

కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో అమెరికా నుంచి వచ్చిన గమ్మీల డబ్బాలు ఇప్పుడు మామూలే. వాటి మీది శాతాలను మన లెక్కతో కలపకూడదు. అక్కడ నాలుగేళ్లు దాటిన పిల్లలకూ పెద్దలకూ లేబుల్ మీద ఒకటే కొలత, ఇనుముకు 18 మి.గ్రా. అంటే ‘50 శాతం’ అని ఉంటే 9 మి.గ్రా. అన్నమాట. అయినా గమ్మీల్లో చాలావాటికి ఇనుమే ఉండదు. ఇనుము రుచి చెడగొడుతుంది, పైగా చాక్లెట్ అనుకొని గుప్పెడు మింగిన పిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో ఐరన్ మాత్రలు ఎవరివి ఉన్నా, అమ్మవైనా నానమ్మవైనా, పిల్లల చేతికి అందకుండా తాళం వేసి పెట్టాలి.

మాంసం ముట్టని ఇళ్లవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా గమ్మీలు జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు. పెక్టిన్ అని ఉంటే అది పండ్ల నుంచి వచ్చింది. విటమిన్ డి3 సంగతి మరీ విచిత్రం. గొర్రె ఉన్నికి అంటుకొని ఉండే జిడ్డు నుంచే దాన్ని ఎక్కువగా తయారు చేస్తారు.

ఆ డి చుక్కల మందులోనే మన దగ్గర ఒక ప్రమాదం ఉంది. 1 మి.లీ.కి 400 యూనిట్ల సీసా, 800 యూనిట్ల సీసా రెండూ అమ్ముతారు. మొదటి ఏడాది పసిబిడ్డకు రోజుకు 400 యూనిట్లు సరిపోతాయి. కిందటి నెల సీసా ఒకటి, ఈ నెల సీసా ఇంకొకటి అయితే, డ్రాపర్‌లో అదే గీత దాకా తీసినా డోసు రెట్టింపవుతుంది.

కాల్షియం సీసాలో ఎందుకు ఇమడదు?

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 550 మి.గ్రా. కాల్షియం కావాలి. కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం 40 శాతమే కాబట్టి, అంత రావాలంటే ఒకటింబావు గ్రాముకు పైగా సుద్ద పొడి తినిపించాలి. చిన్న గమ్మీలో అది పట్టదు. అందుకే మల్టీవిటమిన్లలో కాల్షియం ఉంటే ఉంటుంది, లేకుంటే పేరుకే. రెండు పెద్ద చెంచాల పొట్టు తీయని నువ్వుల్లో సుమారు 200 మి.గ్రా. ఉంటుంది. పొట్టులోని ఆక్సలేట్ల వల్ల అంతా ఒంటబట్టదు, అయినా తక్కువేం కాదు. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానం ఇచ్చిన నువ్వుల వంగడానికి ‘జగిత్యాల తిల్-1’ అనే పేరుంది. సంక్రాంతికి సకినాల పిండిలో కలిపేవీ, బెల్లంతో ముద్దలు కట్టేవీ నువ్వులే.

బాలామృతం లెక్క

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలలు నిండిన పిల్లలకు మూడేళ్ల దాకా నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన ఆ పొడి 100 గ్రాముల్లో 400 కేలరీలకు పైగా శక్తి, దాదాపు 11 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. పైన విటమిన్లు, ఇనుము, కాల్షియం కలుపుతారు. ఏ టానిక్ చెంచాలోనూ ఇంత శక్తి, ఇంత ప్రోటీన్ ఉండవు. కాకపోతే ఆ పొడి ఆ బిడ్డ కంచంలోకే వెళ్లాలి. పెద్దపిల్లలు లడ్డూలు కట్టుకొని తింటే చంటిదానికి మిగిలేది ఖాళీ ప్యాకెట్టే.

ఎ విటమిన్‌కు కార్డు చూడాలి

ప్రభుత్వం పోసే ఎ విటమిన్ తొమ్మిది నెలలకు లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి 2 లక్షలు, ఐదేళ్లు నిండేలోపు మొత్తం తొమ్మిది డోసుల్లో 17 లక్షలు. రేచీకటి నుంచి, చూపు పోవడం నుంచి పిల్లలను కాపాడటానికి, జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైన పని ఇది. ఎ విటమిన్ కాలేయంలో నిలవ ఉంటుంది కాబట్టే ఆరు నెలలకోసారి సరిపోతుంది. అలా నిలవ ఉంటుంది కాబట్టే అతి అయితే వాంతులు, తలనొప్పి తెస్తుంది. డాక్టర్ దగ్గరికి టానిక్ రాయించుకోవడానికి వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు కూడా పట్టుకెళ్లండి. కిందటి డోసు ఏ తేదీన పడిందో అందులో రాసి ఉంటుంది.