పాటకు ఎంత బలం కావాలి?

జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

మంచి హెడ్‌ఫోన్ కొన్నవాళ్లలో చాలామందికి మొదటిరోజే ఎదురయ్యే నిరాశ ఒకటుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 650 లాంటి పేరున్న హెడ్‌ఫోన్ ఇంటికి తెచ్చుకుంటారు. ఫోన్‌కి తగిలించి ఇష్టమైన కచేరీ పెడతారు. వాల్యూమ్ చివరిదాకా తోసినా గాత్రం పలచగానే వస్తుంది. తంబూరా శ్రుతి ఉందో లేదో తెలియదు. మృదంగం తొప్పి మీద పలికే గుమికి చెవికి ఆననే ఆనదు. ఇంత డబ్బు పోసింది దీనికేనా అనిపిస్తుంది. దుకాణంలో అడిగితే ఒకటే మాట: "దీనికి యాంప్ పెట్టుకోవాలండీ, అప్పుడు వినండి!"

ఆ మాట కొందరి విషయంలో నిజం. ఇంకొందరికి వృథా ఖర్చు. ఎవరికి ఏది అన్నది అమ్మేవాళ్ల అభిప్రాయాన్ని బట్టి తేలే సంగతి కాదు. హెడ్‌ఫోన్ పెట్టె మీద అచ్చేసిన రెండు అంకెలు, కాస్త గుణకారం వస్తే చాలు. సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్లంతా ఈ లెక్క నేర్చుకోవాలని నా గట్టి కోరిక. యాంప్ అవసరం లేనివాళ్లు దాని మీద పోసే సొమ్ము ఇంకాస్త మంచి హెడ్‌ఫోన్‌కి చేరితే, పాటలో వచ్చే మార్పు ఎంతో పెద్దది.

ముందు ఆ పలచదనం సంగతి చూద్దాం. చెవి అన్ని స్థాయిల ధ్వనుల్నీ ఒకేలా పట్టుకోదు. శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్థాయి మిగతావాటికన్నా ముందే చెవికి అందకుండా పోతుందని 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. కాబట్టి హెడ్‌ఫోన్‌కి చాలినంత బలం అందకపోతే పాట మొత్తం చిన్నబోవడంతో ఆగదు. తొప్పి, బేస్ గిటార్, తంబూరా అడుగు తీగ ముందుగా మాయమవుతాయి. యాంప్ పెట్టగానే "బేస్ వచ్చింది" అని సంబరపడేది చాలాసార్లు ఇందుకే. యాంప్ కొత్తగా ఏదీ కలపలేదు. శబ్దం పెరిగింది, చెవికి మంద్రం అందింది.

పెట్టె మీది రెండు అంకెలు

మొదటిది ఇంపీడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ చూపే అడ్డు. ఓమ్‌లలో ఉంటుంది. రెండోది సెన్సిటివిటీ. ఒక మిల్లీవాట్ శక్తి ఇస్తే, లేదా ఒక వోల్టు ఇస్తే, ఎన్ని డెసిబెల్‌ల శబ్దం పుడుతుందో చెప్పే అంకె అది. పక్కన మిల్లీవాట్ అని ఉందా, వోల్టు అని ఉందా అన్నది తప్పకుండా చూడాలి. ఒకే హెడ్‌ఫోన్‌కి ఈ రెండు పద్ధతుల్లో వేర్వేరు అంకెలు వస్తాయి. అవి కలగలిసిపోతే లెక్కంతా తప్పుతుంది.

పాటలో ఒక్కసారిగా ఎగసే దెబ్బలు 110 డెసిబెల్‌ల దాకా చీలిపోకుండా రావాలని హద్దు పెట్టుకుందాం. ఇది రెప్పపాటు కూడా నిలవని మోతల కోసమే. మనం వినే సగటు శబ్దం దీనికి ఎంతో కింద ఉంటుంది, ఉండాలి కూడా. ఇక సూత్రం: 3 డెసిబెల్‌లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పదింతలు కావాలి.

స్టూడియోల్లో, ఇళ్లలో విరివిగా కనిపించే ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ తీసుకోండి. 38 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కి 99 డెసిబెల్‌లు. దానికి 13 మిల్లీవాట్‌లు చాలు, అంటే 0.7 వోల్టు. హెచ్‌డి 650ది 300 ఓమ్‌లు, ఒక వోల్టుకి 103 డెసిబెల్‌లు. దానికి 2.2 వోల్టులు కావాలి, శక్తి మాత్రం 17 మిల్లీవాట్‌లే. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌ల రకం ఉంది. దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 96 డెసిబెల్‌లు. శక్తి 25 మిల్లీవాట్‌లతో సరిపెట్టుకుంటుంది గానీ, వోల్టేజీ 3.9 దాకా అడుగుతుంది. చివరగా హైఫైమాన్ హెచ్‌ఈ-6. పలుచని పొరను అయస్కాంతాల మధ్య ఆడించే ప్లేనార్ రకం ఇది. 50 ఓమ్‌లే కదా అని తేలిగ్గా తీసుకుంటే కుదరదు. సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్‌లే కాబట్టి దాదాపు 450 మిల్లీవాట్‌లు, 4.7 వోల్టులు కావాలి. శక్తి లెక్కలో పై మూడింటి ఆకలి కలిపినా దాని దరిదాపుల్లోకి రాదు.

ఓమ్‌లు ఎక్కువైతే యాంప్ కావాలి, తక్కువైతే వద్దు అనే మాట ఎంత తప్పో ఈ నాలుగూ చెబుతున్నాయి. మూడో అంతస్తు ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారుకి ఒత్తిడి కావాలి, పొలానికి నీళ్లు తోడే మోటారుకి ధార కావాలి. 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్ మొదటి కోవలోది. వోల్టేజీ కోరుతుంది, కరెంటు పెద్దగా తీసుకోదు. ప్లేనార్‌కి రెండూ కావాలి.

మరి ఫోన్ ఎంత ఇస్తుంది? 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది. మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. ఇప్పుడు అలాంటి ఫోన్‌లలో వైరు హెడ్‌ఫోన్ వాడాలంటే టైప్-సి డాంగిల్ కావాలి. చాలా డాంగిల్‌లలో ఆ చిన్న తోకలోనే అంకెల్ని ధ్వని సంకేతంగా మార్చే డ్యాక్, దాన్ని బలపరిచే యాంప్ రెండూ ఉంటాయి. అంటే డాంగిల్ వాడే చాలామంది దగ్గర జేబు యాంప్ ఇప్పటికే ఉంది. ఆపిల్ డాంగిల్ అమెరికా రకం సుమారు ఒక వోల్టు ఇస్తుంది, యూరప్ రకం అందులో సగం. ఒక వోల్టు ఇచ్చే డాంగిల్‌తో ఎం50ఎక్స్ హాయిగా పాడుతుంది. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్‌లలో చాలావాటికి అందులో కొద్ది భాగమే చాలు. ఒక జాగ్రత్త: ఇదే డాంగిల్‌ని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లకి పెడితే పూర్తి బలం రాదు. దాని లోపలి వాల్యూమ్‌ని ఆ ఫోన్‌లు పైదాకా తెరవవు.

హెచ్‌డి 650 దగ్గర పరిస్థితి వేరు. ఒక వోల్టుతో శిఖరం 103 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతుంది. ఈమధ్య సినిమా పాటలకి ఆ మాత్రం బాగానే సరిపోతుంది. వాటిని మాస్టరింగులో నొక్కిపెట్టి, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడా తగ్గించేస్తారు. సగటే శిఖరానికి దగ్గరగా ఉంటుంది. కచేరీ రికార్డింగు అలా కాదు. తని ఆవర్తనంలో మృదంగం దెబ్బ ఆలాపన కంటే ఎంతో పైకి లేస్తుంది. ఆ దెబ్బకి చోటు వదలాలంటే ఆలాపనని కింద రికార్డు చేయక తప్పదు. ఆలాపన సుఖంగా వినిపించే దాకా వాల్యూమ్ పెంచితే, దెబ్బ వచ్చినప్పుడు యాంప్‌లో బలం మిగలదు. అసలైన యాంప్ అవసరం తెలిసేది ఇక్కడే. కర్ణాటక సంగీతం, పాశ్చాత్య ఆర్కెస్ట్రా వినేవాళ్లకి ఆ అవసరం సినిమా పాటల శ్రోతలకన్నా ఎక్కువ.

పాత రికార్డింగుల సంగతి మరోలా ఉంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు 78 ఆర్‌పీఎం గ్రామఫోను పళ్లాల నుంచి వింటున్నాం. ఆ పళ్లెంలో లేని తారస్థాయి మెరుపుని ఏ యాంపూ పుట్టించలేదు. మంచి పరికరంలో గరగర కూడా ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. అయినా ఆ కమాను నడకని దగ్గరగా వినడంలో ఆనందం ఉంది, దానికి మామూలు డాంగిల్ సరిపోతుంది.

ప్రకటనల్లో కనిపించని అంకె

యాంప్‌లకీ ఒక ముఖ్యమైన అంకె ఉంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటారు. కొందరు తయారీదారులు దాన్ని పెట్టె మీద వేయరు. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి యాంప్‌లో 2 ఓమ్‌లు దాటకూడదు.

కారణం ఇది. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని స్వరస్థాయుల దగ్గరా ఒకటే ఉండదు. లోపల మూడు నాలుగు చిన్న డ్రైవర్లు ఇరికించిన ఇయర్‌ఫోన్‌లలో అది ఒక చోట 8 ఓమ్‌లుంటే ఇంకోచోట 40 ఉండొచ్చు. యాంప్‌ది పెద్ద అంకె అయితే ఈ ఎగుడుదిగుళ్లన్నీ ధ్వనిలోకి దిగుతాయి. కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని కుంగుతాయి. ఒకప్పుడు అంతర్జాతీయ ప్రమాణమే హెడ్‌ఫోన్ జాక్‌కి 120 ఓమ్‌లు సూచించింది. పాత స్టీరియో పెట్టెలకి కొత్త ఇయర్‌ఫోన్ పెడితే వింతగా పలకడానికి అదొక కారణం. నా మట్టుకు, ఈ అంకె చెప్పని యాంప్‌ని కొనను.

రేకు డబ్బాల నుంచి

ఈ పరికరాలకి కంపెనీల చరిత్రతో పాటు ఔత్సాహికుల చరిత్ర కూడా ఉంది. నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ రెండోదే. 1998లో చు మోయ్ అనే అమెరికన్ జేబు యాంప్ ఒకటి గీసి అందరికీ ఇచ్చాడు. రెండు ఛానెళ్లకి ఆప్-యాంప్ చిప్పులు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. అంతే సరంజామా. ప్రపంచమంతా కుర్రాళ్లు దాన్ని పిప్పర్‌మెంట్ బిళ్లల రేకు డబ్బాల్లో అమర్చుకున్నారు. సీమోయ్ అన్న పేరు స్థిరపడిపోయింది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్ లాంటి బజార్లలో దొరికే మామూలు భాగాలే దానికీ కావాలి. టంకం పెట్టడం వచ్చిన విద్యార్థికి ఇంతకన్నా మంచి తొలి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

2011లో ఇంకో అడుగు పడింది. ఎన్‌డబ్ల్యూఏవీగై అన్న మారుపేరుతో రాసే ఒక ఇంజినీరు ఆబ్జెక్టివ్2 అనే యాంప్ రూపొందించి, దాని నక్షా మొత్తం బయటపెట్టాడు. ఎవరైనా తయారు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు, సుమారు అర ఓమ్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అన్నిటికీ కొలతల రుజువులు. రొద, వక్రీకరణ చెవికి అందనంత తక్కువగా ఉంటే, బలం చాలినంత ఉంటే, యాంప్ పని పూర్తయినట్టేనని ఆయన వాదించాడు. ఎన్నో రెట్లు ఖరీదైన యాంప్‌లు అమ్మేవాళ్లకి అది మింగుడుపడలేదు. 2012లో ఆయన ఒక్కసారిగా మౌనం వహించాడు. ఆయనెవరో ఈనాటికీ లోకానికి తెలియదు. ఆయన వాదనని నేను మనసారా నమ్ముతాను. యాంప్ పాటకి తన రంగు పులమకూడదు. రంగు కావాలంటే అందుకు మంద్ర, తార స్థాయిల్ని పెంచి తగ్గించే ఈక్వలైజర్ ఉంది, వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా.

ఆ తర్వాత బజారు నిండిపోయింది. 2007లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మొదలైన ఫియో చవక యాంప్‌లని ఇంటింటికీ చేర్చింది. 2012లో ఆడియోక్వెస్ట్ డ్రాగన్‌ఫ్లై పెన్‌డ్రైవ్ అంత సైజులో డ్యాక్, యాంప్ రెండూ ఇమిడ్చింది. 2015లో బ్రిటన్ కంపెనీ కోర్డ్ మోజో అనే జేబు యాంప్ తెచ్చింది.

ఏది కొనాలి

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. దాని యాంప్ దాని లోపలే ఉంటుంది. బయటి యాంప్‌తో పని లేదు.

వైరున్న ఇయర్‌ఫోన్, లేదా ఎం50ఎక్స్ లాంటి సులువైన హెడ్‌ఫోన్ ఉంటే మామూలు డాంగిల్ చాలు. ఇలాంటివాటికి భారీ యాంప్ పెడితే మేలు కన్నా చేటే ఎక్కువ. పాట ఆగినచోట సన్నని బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. వాల్యూమ్ మరను కొద్దిగా తిప్పేసరికే చెవులు అదిరిపోతాయి. ఆ మొదటి కొద్ది మలుపులో చాలా మరలు కుడి ఎడమల్ని సమానంగా ఇవ్వవు కూడా. అందుకే గెయిన్, అంటే యాంప్ బలం పెంచే మోతాదు, తగ్గించుకునే మీట ఉన్నది ఎంచుకోవాలి.

300 ఓమ్‌ల రకానికి రెండు వోల్టులు ఇచ్చే డాంగిల్ దాదాపు సరిపోతుంది. 600 ఓమ్‌ల రకానికి నాలుగు వోల్టుల దాకా కావాలి. దానికి బ్యాలెన్స్‌డ్ జాక్ ఒక దారి. 2016లో జపాన్ ప్రమాణంగా వచ్చిన 4.4 మిల్లీమీటర్ల జాక్ చాలా యాంప్‌లలో కనిపిస్తోంది. రెండు ఛానెళ్లకీ వేర్వేరుగా జంట యాంప్‌లు పనిచేయడం వల్ల వోల్టేజీ రెట్టింపవుతుంది. ఆ లాభం బలంలోనే. ధ్వని దానంతటది అందంగా మారదు. పైగా హెడ్‌ఫోన్ కేబుల్ కూడా నాలుగు తీగలతో అందుకు తగ్గట్టు ఉండాలి. హెచ్‌ఈ-6 లాంటి వాటిని జేబు యాంప్‌తో నెట్టుకురావాలని చూడకండి. బల్ల మీద పెట్టే పెద్ద యాంప్ కొనండి.

డాంగిల్ ఫోన్ చార్జింగునే తాగుతుంది. సొంత బ్యాటరీ ఉన్న యాంప్‌కి ఆ బాధ లేదు గానీ, రోజూ చార్జింగు పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి చేరుతుంది. బస్సులో, రైల్లో వినేవాళ్లకి డాంగిలే సుఖం. క్వుడెలిక్స్ 5కె లాంటి చిన్న బ్లూటూత్ రిసీవర్లు మధ్యేమార్గం. ఫోన్‌తో తీగ ఉండదు, హెడ్‌ఫోన్ మాత్రం వైరుదే, పైగా అందులోనే మంచి ఈక్వలైజర్ ఉంది. ప్రయాణాల్లో నేనైతే దీనికే ఓటేస్తాను.

రెండు యాంప్‌లని పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉందో లేదో ముందు చూసుకోవాలి. కాస్త ఎక్కువగా మోగేదే చెవికి మేలుగా తోస్తుంది. ఒక డెసిబెల్ తేడా ఉన్నా ఇది ఎక్కువ శబ్దమని తెలియదు, ఇది బాగుందని మాత్రం అనిపిస్తుంది. 100 హెర్ట్జ్ మోత ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే యాంప్ అవుట్‌పుట్‌ని మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులలో కొలవండి. ఒకటి 0.200 చూపిస్తే రెండోది కూడా అంతే చూపించే దాకా మర తిప్పండి. తర్వాత ఏది మోగుతోందో చెప్పకుండా స్నేహితుణ్ని మార్చి మార్చి పెట్టమనండి. ఏ యాంప్‌కి ఎంత ధర పెట్టాలో మీరే తేల్చుకోగలుగుతారు.

చెవుల లెక్క

బలం చేతికొచ్చినవాళ్లకి ఈ లెక్క మరీ అవసరం. పెద్దవాళ్లకి 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర గంటలు. పిల్లలకి హద్దు 75 నుంచే మొదలవుతుంది. ఇంట్లో ఒకే యాంప్‌ని పెద్ద హెడ్‌ఫోన్‌కీ చిన్న ఇయర్‌ఫోన్‌కీ మార్చి మార్చి వాడేవాళ్లు ప్రతిసారీ గెయిన్ మీటని కిందికి దించి, వాల్యూమ్‌ని సున్నాకి తెచ్చి, ఆ తర్వాతే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవాలి. హెచ్‌డి 650కి హాయిగా ఉన్న మలుపు దగ్గరే మరను వదిలేసి ఇయర్‌ఫోన్ తగిలిస్తే శబ్దం చెవి ఓర్చుకోలేనంతగా రావచ్చు.